పక్షులు ఎరిగిన కోటు

మా అక్క రాగ్నా మా అమ్మ కోటును మట్టిలో పెట్టింది. ఆ పని ఇంకెవరు చేసినా తెలియక చేశారని సరిపెట్టుకునేవాణ్ణి. రాగ్నా మేం పక్షుల్ని కాసే దీవి మీదే పుట్టింది. ఆ కోటు అంచు పట్టుకునే నడక నేర్చింది. అది లేకపోతే ఏమవుతుందో ఊరందరికంటే తనకే ఎక్కువ తెలుసు. అయినా ఫిబ్రవరిలో అమ్మ పోయినప్పుడు, నేను ఉత్తరాన కాడ్ చేపల వేటలో ఉండగా, బీరువాలో ఇంకేమీ లేనట్టు దాన్నే ఆవిడకి తొడిగింది. నేను రేవులో దిగేసరికి శవపెట్టె మూత బిగించేశారు. లోపల ఏముందో చర్చి హాల్లో కాఫీలు తాగుతున్నప్పుడు తెలిసింది.

"అమ్మకి ఏం తొడిగావు?" అని మామూలుగానే అడిగాను.

"కోటు," అంది.

"ఏ కోటు?"

"ఏ కోటేంట్రా? అమ్మకి ఉన్నది ఒక్కటేగా."

కేకు ముక్క పళ్లెంలో పెట్టేసి బయటికొచ్చాను.

మా దీవి స్కార్వ్‌హోల్మ్. మా ఊరు నోర్‌వోగ్ రేవు నుంచి తెడ్లు వేసుకుంటూ వెళ్తే ముప్పావు గంట. చెట్టన్నది లేదు. రాయి, గడ్డి, రెండు గదుల ఇల్లు, ఒక బావి, నూట పద్దెనిమిది గూళ్లు. పాత పలకలతో, చదును రాళ్లతో మావాళ్లు కట్టినవి ఆ గూళ్లు. మే నెలలో ఈడర్ బాతులు నీళ్లలోంచి నడిచి వచ్చి వాటిలో గుడ్లు పెడతాయి. మేం వాటిని బాతులనం. మాకు పక్షి అంటే అదొక్కటే. పొదిగినన్నాళ్లు గద్దల్నీ, నీటిపిల్లుల్నీ, పెద్ద నల్లరెక్కల గల్ పక్షుల్నీ దగ్గరికి రానివ్వకుండా మనిషి కాపలా ఉండాలి. అందుకు బదులుగా అవి తమ రొమ్ము నుంచి పీకి గూట్లో పరిచిన మెత్తటి నూగు ఈకలు మనకు వదిలేసి పోతాయి. దుప్పట్లలో నింపడానికి వాటికి మంచి ధర పలుకుతుంది. మా ముత్తాత నాటి నుంచి ఇదే ఒప్పందం.

వాటికి మనిషి గుర్తుండాలి. ఏప్రిల్ పద్నాలుగు దాటితే దీవి మీద గట్టిగా మాట్లాడకూడదు. మేకు కొట్టకూడదు. ఇంజను పడవ దగ్గరికి రాకూడదు. తీగ మీద బట్టలు ఆరేయకూడదు. కాపలా మనిషి రోజూ ఒకే బట్టల్లో కనబడాలి. అమ్మ యాభై ఆరేళ్లు ఆ కోటులోనే కనబడింది. ముదురు గోధుమరంగు ఉన్ని కోటు, కుడి మోచేతి దగ్గర ఆకుపచ్చ మాసిక. ఆ పక్షులు ఇరవయ్యేళ్లు బతుకుతాయి. ఆ కోటు తప్ప ఇంకో మనిషిని ఎరగవు.

ఇంకో సంగతి. ఆ నేల చర్చిది. పాత కాగితం ప్రకారం పక్షులు కూర్చున్నన్నాళ్లు మాది. జూన్ మొదటి శనివారం చర్చి తరపు మనిషి వచ్చి లెక్క పెడతాడు. ముప్పై గూళ్లలో పక్షి పొదుగుతూ ఉండాలి. తగ్గితే కాగితం రద్దు. అమ్మ కాలంలో ఎనభైకి ఎప్పుడూ తగ్గలేదు కాబట్టి ఆ లెక్క వఫుల్ అట్లు తిని కాఫీ తాగిపోయే వేడుకలా నడిచేది. రెండేళ్ల నుంచి సాల్మన్ చేపల పెంపకంవాళ్లు ఆ తీరం కోసం చర్చి చుట్టూ తిరుగుతున్నారు.

నేను పద్నాలుగేళ్లకి బడి మానేసి పడవెక్కినవాణ్ణి. ఆ చలికాలమే నా భుజం పూర్తిగా పోయింది. ఇక రావద్దని పడవవాళ్లు చెప్పేశారు. పెళ్లాం ఎప్పుడో తన దారి చూసుకుంది. యాభై మూడేళ్ల మనిషికి తల దాచుకోవడానికి మిగిలింది ఆ రెండు గదులే.

మార్చిలో క్లెమెట్ దగ్గరికి వెళ్లాను. చర్చి కమిటీ పెద్ద అతనే. గోతులు తవ్వించేదీ అతనే, జూన్‌లో గూళ్లు లెక్కపెట్టేదీ అతనే. బళ్లో నా బెంచీవాడు. శ్మశానం దారిలో మంచు ఎత్తిపోస్తున్నాడు.

"సమాధి తెరవాలి," అన్నాను.

పార మీద రెండు చేతులూ ఆనించి చూశాడు. "ఎవరిది?"

"అమ్మది. కోటు తీసుకుని మళ్లీ మూసేద్దాం. గంట పని."

"తాగావా?"

"లేదు."

"తాగి ఉంటే బాగుండేదిరా. ఇంటికి పోయి పడుకోమనేవాణ్ణి."

"క్లెమెట్, నేను పరాచికాలాడటం లేదు."

"నేనూ ఆడటం లేదు. నేల మూడడుగుల లోతు గడ్డకట్టి ఉంది. ఆవిణ్ణి దించడానికే రెండు రోజులు మంట పెట్టి కరిగించాం. ఇప్పుడు పైకి తీసి, 'యెన్సీనమ్మా, కాస్త చేతులెత్తు, కోటు విప్పుతాం' అనమంటావా? చిన్నప్పుడు మా ఇంట్లో తిండి లేని రోజుల్లో ఎన్నిసార్లు నాకు బంగాళాదుంపలు పెట్టిందో తెలుసా? ఆవిడ మీద నేను పార వెయ్యను."

"జూన్‌లో ఇరవై తొమ్మిది ఉంటే ముప్పై అని రాస్తావా మరి?"

ఇంకో పార మంచు ఎత్తి పక్కకి పోశాడు.

"ఉన్నవి రాస్తాను," అన్నాడు.

సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. కొట్లో రొట్టె కొనుక్కోవడానికి వెళ్తే గల్లా దగ్గర కూర్చున్న పిల్ల కూడా నవ్వు ఆపుకుంది. రేవులో ఎవడో వెనకనుంచి, "ఐలెర్ట్, చలేస్తోందా? కోటు కావాలా?" అని అరిచాడు. వెనక్కి తిరగలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో హిల్కే దిగింది. హాలండ్ మనిషి. ఋతువుకోసారి మా ఊరొచ్చి, పడవల కొట్టం అద్దెకి తీసుకుని, వారం పది రోజులుండి ఫోటోలు తీసుకుని పోతుంది. ఉత్తర తీరంలో ఒక ఊరు ఏడాది పొడవునా ఎలా ఉంటుందో పుస్తకం చేస్తుందట. వెళ్లిపోయే టికెట్టు జేబులో ఉన్నవాళ్లకి అన్ని ఋతువులూ బాగానే ఉంటాయి. అయితే ఆవిడ కిందటి మే నెలలో మా దీవికి కూడా వచ్చింది. అమ్మని ఫోటో తీసింది.

"మీ అమ్మగారి సంగతి విన్నాను," అంది రేవులో నన్ను ఆపి. మా భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. "ఇది మీకు ఇవ్వాలని తెచ్చాను."

అరచేతి కంటే కాస్త పెద్ద ఫోటో. గూళ్ల మధ్య అమ్మ గొంతుకూర్చుని ఉంది. కోటు, తలగుడ్డ, నల్ల లంగా. మాసిక ఎంత వెడల్పుందో, గుండీలు ఎన్నున్నాయో, అంచు ఎక్కడ చిరిగిందో అంతా స్పష్టంగా ఉంది. దీన్ని చూసి అలాంటిదే ఇంకోటి కుట్టొచ్చు. వలలు కుట్టిన చేతులివి. కోటెంత?

"ఎంతసేపు చూశానో ఆవిణ్ణి," అంటోంది హిల్కే. "ఎప్పుడూ ఏదో మాట్లాడుతూనే ఉండేవారు పక్షులతో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమిటండీ ఆ మాటలు?"

మళ్లీ చూశాను. ఫోటోలో అమ్మ నోరు తెరిచి ఉంది.

ఏమిటో నాకు తెలియదు. బడి మానిన నాటి నుంచి ఒక్క మే నెలైనా నేను దీవి మీద లేను.

"ఏవో లెండి, ముసలావిడ మాటలు," అన్నాను.

చర్చి హాల్లో పాతబట్టల పెట్టెలో గోధుమరంగు కోటొకటి దొరికింది. కొంచెం పొడుగైతే కత్తిరించాను. మాసిక వేశాను. అమ్మ పాత లంగా ఇంట్లో ఉంది. నడుం చాలకపోతే తాడు కట్టాను. తలగుడ్డ కట్టుకుని కిటికీ అద్దంలో చూసుకుంటే దాని కింద నా గడ్డం. ముప్పై ఏళ్ల గడ్డం. ఉప్పునీళ్లు, మంచు, పెళ్లి, పెళ్లి పోవడం అన్నీ చూసిన గడ్డం. గీసేశాను. ఎన్నాళ్లుగానో వెలుగు చూడని చర్మం చేపపొట్టలా బయటపడింది.

ఏప్రిల్ అంతా సముద్రపు నాచు ఏరి, గాలికి ఆరబెట్టి, దులిపి, నూట పద్దెనిమిది గూళ్లలో పరిచాను. భుజం ఎత్తలేక ఎడమచేత్తోనే చేశాను. చివరికి మే వచ్చింది. పక్షులూ వచ్చాయి. తీరానికి వంద గజాల దూరంలో, అలల మీద, వందలకొద్దీ. మగవి నలుపూ తెలుపూ, ఆడవి మట్టిరంగు. మగపక్షుల కూత వింత కబురు విన్న ముసలమ్మలు 'ఓహో' అన్నట్టుంటుంది. రోజంతా ఆ 'ఓహో'లే. అక్కడే తేలుతూ నన్ను చూశాయి తప్ప గట్టెక్కలేదు.

నేను గొంతుకూర్చుంటే చూశాయి. లేస్తే చూశాయి. అమ్మలా వంగి నడిస్తే ఇంకా దూరం జరిగాయి. పదో తేదీ దాటింది. పదిహేను దాటింది. ఒకటి వచ్చి, గూటి దాకా నడిచి, తల లోపల పెట్టి, ఎవరింట్లోకో పొరపాటున అడుగుపెట్టినట్టు వెనక్కి తిరిగిపోయింది. ఆ రోజు నేను బావి వెనక కూర్చుని తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గట్టిగా ఏడవడానికి కూడా వీల్లేని చోటది.

పదిహేడో తేదీకి ఆరు కూర్చున్నాయి. ముప్పై కావాలి.

ఫోటో గోడకి తగిలించాను. రొట్టె తింటున్నా, కాఫీ కాస్తున్నా ఆ తెరిచిన నోరే. దేవుడి మాటలు చెప్పేదా? పాడేదా? నాకు వచ్చినవన్నీ చెప్పి చూశాను. ప్రభువు ప్రార్థన చెప్పాను. వాతావరణం చెప్పాను. నా గొంతు వినగానే దగ్గరున్నవి కూడా మెడలు చాచి జరిగాయి.

శనివారం రొట్టె కోసం ఊళ్లోకి వెళ్లినప్పుడు రాగ్నా ఇంటి తలుపు తట్టలేదు. టపా పెట్టెలో కాగితం పడేశాను. 'అమ్మ వాటితో ఏం మాట్లాడేదో రాసి పంపు. నువ్వు రావద్దు.' సంతకం కూడా పెట్టలేదు.

సోమవారం పొద్దున్నే తెడ్ల చప్పుడైంది. తెడ్లకి గుడ్డలు చుట్టి, నీళ్లు చిమ్మకుండా, అమ్మ వేసినట్టే వేసుకుంటూ వచ్చింది. పడవ దిగి నన్ను చూసి ఆగిపోయింది. గడ్డం లేని మొహం, తలగుడ్డ, మాసిక. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేత్తో నోరు మూసుకుంది.

"రావద్దన్నానుగా," అన్నాను లోగొంతుతో.

"చదివాను. ఆ మాటలు కాగితం మీద రాసేవి కావురా. ఆ కోటు ఇలా ఇయ్యి."

ఇవ్వడం నాకిష్టం లేదు. కానీ ఇచ్చాను. తొడుక్కుని, తలగుడ్డ కట్టుకుని, గట్టు దగ్గర గొంతుకూర్చుంది. మొదలుపెట్టింది.

"ఏమ్మా, వచ్చావా? ఇంత ఆలస్యమా? మొగుడు కదలనివ్వలేదా? రా, రా, సిగ్గెందుకు, పోయినేడు నువ్వున్న ఇల్లే. నాచు కొత్తది. మా వాడు పరిచాడు, కాస్త వంకరగా పరిచాడు, సర్దుకో. ఏం చేస్తాం, ఇంటిపని ఎరగడు. ఓహో అంటావేంటమ్మా? నిజమే చెబుతున్నా. వాడు పోయినేడూ వస్తానన్నాడు, అంతకుముందేడూ వస్తానన్నాడు. సముద్రం వదలాలి కదా! వచ్చే మే నెలకి వస్తాడు. నువ్వు మాత్రం వచ్చెయ్యి..."

ఇరుగమ్మతో గోడ దగ్గర చెప్పుకునే మాటలే. గొంతు కూడా ఎక్కడా మారలేదు, అలా ఒకే సాగున, పప్పు ఉడుకుతున్న చప్పుడులా. అందులో 'మా వాడు' ఎవడో తెలుసుకోవడానికి నాకు బడి చదువు అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నానికి గట్టు మీద తొమ్మిది తలలు. నేను గోడ వెనక దాక్కుని చూశాను. ఒళ్లూపుకుంటూ, బరువుగా, బస్సు దిగి సంచులతో నడిచే ఆడవాళ్లలా వచ్చాయి. మంగళవారానికి పంతొమ్మిది. బుధవారానికి ముప్పై నాలుగు. గురువారం పొద్దున నలభై ఒకటి. నేను రెండు సార్లు లెక్కపెట్టాను. నలభై ఒకటి.

రాగ్నా ఊళ్లో వృద్ధాశ్రమం వంటింట్లో పని చేస్తుంది. సెలవు పెట్టి వచ్చింది. మూడు రోజులూ మా మధ్య అవసరమైన మాటలే నడిచాయి. ఉప్పు ఎక్కడ. చేప మాడుతోంది. ఆ పక్క గూటికి గాలి కొడుతోంది, పలక పెట్టు. నలభై ఒకటి చూశాక నా ఒళ్లు తేలికైంది. అప్పుడే నోరు మూసుకుని ఉండాల్సింది. నాకు కావలసిందంతా కళ్ల ముందు కూర్చుని ఉంది.

గూళ్ల మధ్య ఇద్దరం గొంతుకూర్చుని నాచు సర్దుతున్నాం.

"ఇంత తెలిసినదానివి," అన్నాను, "ఆ కోటు ఎందుకు తొడిగావు చెప్పు."

"ఇప్పుడొద్దు."

"ఇప్పుడే చెప్పు."

"ఇంట్లోకి వెళ్లాక చెబుతా. ఇక్కడొద్దురా."

"నన్ను ఊరంతా నవ్వులపాలు చేశావు. సమాధి తవ్వమని అడుక్కున్నాను నేను. చెప్పు."

చేతిలో నాచు కింద పెట్టింది. పక్షులతో మాట్లాడిన గొంతుతోనే చెప్పింది.

"అమ్మే తొడగమంది. జనవరిలో, మా ఇంట్లో మంచం మీద ఉన్నప్పుడు. 'కోటు నాతోనే రానియ్యి. కోటు లేకపోతే పక్షులు రావు. పక్షులు రాకపోతే వాడు దీవి వదిలి ఊళ్లోకి వస్తాడు. నాలాగా రాళ్ల మధ్య ఒక్కడూ పడి ఉండకూడదు వాడు' అంది. నేను ఒట్టేశాను. ఒట్టేసి కూడా ఇక్కడికొచ్చి కూర్చున్నాను, నీ కాగితం చూసి ఉండలేక."

"అబద్ధం," అన్నాను.

అన్నాను అని రాస్తున్నాను. అరిచాను. పడవ మీద, గాలిలో, ఇరవై గజాల అవతలి మనిషికి వినబడేలా అరవడం తప్ప కోపంలో ఇంకోలా మాట్లాడటం నాకు చేతకాదు. నా గొంతు నాకే ఎదురు బండ మీంచి తిరిగి వినబడింది.

రాగ్నా కళ్లు మూసుకుంది.

ముందు ఒక్కటి లేచింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత వరసగా. భయపడి లేచిన పక్షి తన గుడ్ల మీదే రెట్ట వేసి పోతుంది. ఆ వాసన దుర్మార్గమైన వాసన, కళ్లు మండుతాయి. నీటిదాకా నడిచి, నీళ్లలోకి దిగి, వంద గజాల దూరంలో మునుపున్న చోటే తేలుతూ ఆగాయి. ఓహో అన్నాయి. అరగంటలో నల్లరెక్కల గల్ పక్షులు వచ్చాయి. నేను కర్ర పట్టుకుని ఒక గూటి నుంచి ఇంకో గూటికి పరిగెత్తాను. ఒకచోట తోలితే ఇంకోచోట వాలాయి. లంగా కాళ్లకి అడ్డం పడి రెండుసార్లు బోర్లా పడ్డాను. ఇక నిశ్శబ్దంగా ఉండాల్సిన అవసరం లేదు కాబట్టి నోటికొచ్చినట్టు అరిచాను, గల్ పక్షుల్ని, దేవుణ్ణి, రాగ్నాని.

ఎన్నాళ్లుగానో పొదుగుతున్నదైతే తిరిగొస్తుంది. గుడ్లు పెట్టి రెండు మూడు రోజులే అయినది ఇక రాదు. రాగ్నా ఇంకో వారం ఉంది. రోజూ గట్టు దగ్గర కూర్చుని గొంతు పోయేదాకా పిలిచింది. "మా వాడి నోరు అంతేనమ్మా, మనసులో ఏం లేదు, రండమ్మా" అంది. ముందునించీ ఉన్న ఆరూ వచ్చాయి. ఇంకో అయిదు వచ్చాయి.

జూన్ మొదటి శనివారం క్లెమెట్ తెడ్ల పడవ వేసుకుని వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నూట పద్దెనిమిది గూళ్లూ తిరిగాడు. రాగ్నా వఫుల్ చేసింది. ఎవరమూ తినలేదు.

"ఇంకోసారి తిరగనా?" అన్నాడు క్లెమెట్.

"తిరుగు," అన్నాను.

తిరిగాడు. మొదటిసారి కంటే నెమ్మదిగా, ఖాళీ గూళ్లలో కూడా చెయ్యి పెట్టి తడుముతూ తిరిగాడు. వచ్చి బావి గట్టు మీద కూర్చున్నాడు. పెన్సిలు నాలికతో తడిపి రాశాడు. ఉన్నవే రాశాడు.

"మీ అమ్మ ఉండి ఉంటే నన్ను ఈ దీవి మీంచి తరిమి కొట్టేది," అన్నాడు.

రాగ్నా నా వైపు ఒకసారి చూసి, వఫుల్ పళ్లెం తీసుకుని ఇంట్లోకి పోయింది.

ఇప్పుడు నేను ఊళ్లో రాగ్నా ఇంటి కింది గదిలో ఉంటున్నాను. అమ్మ పడుకున్న మంచమే. పైన రాగ్నా నడక వినిపిస్తుంది, పొద్దున కాఫీకి నేలని చీపురుకర్రతో పొడిచి పిలుస్తుంది. శరత్కాలంలో హిల్కే మళ్లీ దిగింది. దీవి ఫోటో ఇంకొకటి కావాలంది. ఇంకెవరి పడవలోనైనా పొమ్మన్నాను. తప్పు రాగ్నాదే అని నేను ఇప్పటికీ అంటాను. మెల్లగా అంటాను.

క్లెమెట్ రాసిన కాగితం నకలు నా దగ్గరుంది. పొదుగుతున్న పక్షులు పదకొండు. చర్చికి తిరిగి వెళ్లినవి: రెండు గదుల ఇల్లు ఒకటి, బావి ఒకటి, గూళ్లు నూట పద్దెనిమిది, నేల పదిహేను ఎకరాలు.